పదిహేను పుంజీల ఊపిరి

పెదజాలరిపేటలో ముప్పయ్యేళ్ళ మగాడెవడైనా తన ముందు మీసం మెలేస్తే చిట్టమ్మ ఒకటే మాట అనేది. "నీ ఈపు మీద మచ్చ ఎక్కడుందో నీ పెళ్ళానికి తెల్దేమో గానీ నాకు తెలుసురా." చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. మీసం మెలేసినవాడూ నవ్వేసేవాడు. తెప్పలు లాగేవాళ్ళలో, వలలు కుట్టేవాళ్ళలో సగం మంది ఒకప్పుడు ఆమె కాళ్ళ మీద పడుకుని గుక్కపెట్టి ఏడ్చినవాళ్ళే మరి.

పసిపిల్లలకి నీళ్ళు పోయడం ఆమె పని. తల్లి దగ్గర నేర్చుకుంది. చిన్న పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోసి, కాళ్ళు రెండూ దగ్గరగా బారచాపేది. రెండు పిక్కల మధ్య పల్లంలో బిడ్డ ఒదిగిపోయేది. గోరువెచ్చటి నువ్వులనూనె రాసి, కాళ్ళూ చేతులూ సాగదీసి, సున్నిపిండితో నలిచి, ఒక చేత్తో కళ్ళకి అడ్డుపెట్టి రెండో చేత్తో చెంబు వంచేది. చివర్లో సాంబ్రాణి పొగ, అరికాలికి కాటుక చుక్క. ఏడ్చి ఏడ్చి అలిసిన బిడ్డ తల్లి రొమ్ము దగ్గరికి చేరేసరికే కళ్ళు మూతలు పడేవి.

ఇంకొకటి కూడా చేసేది. ముక్కు బిగుసుకున్న బిడ్డకి రెండు ముక్కుల్లోనూ రెండేసి చుక్కలు వెచ్చటి నూనె వేసి, నోరు ఆనించి ఊదేది. ఆమె తల్లి అలాగే చేసింది. చిట్టమ్మకీ చిన్నప్పుడు అలాగే చేసి ఉంటారు.

కూతురు దుర్గ తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది తొంభై ఆరులో. మొగపిల్లాడు. అల్లుడు సినిమాలు ఎక్కువ చూస్తాడు కాబట్టి బిడ్డ బొడ్డు ఊడకముందే సన్నీ అని పేరు ఖాయం చేసేశాడు. "అదేం పేరురా, పలకరించినట్టు నేదు, పిలిసినట్టు నేదు," అని చిట్టమ్మ మొగుడు దాలయ్య నాలుగు రోజులు గునిసి, ఐదో రోజు నుంచి అందరికంటే ఎక్కువసార్లు ఆ పేరే పిలిచాడు.

శ్రావణమాసపు ముసురు పట్టింది. ఐదు వారాల సన్నీకి ముక్కు బిగుసుకుంది. పాలు తాగబోయి ఊపిరాడక వదిలేసి ఏడుస్తున్నాడు. చిట్టమ్మ మూడు రోజులు, పూటపూటా, నూనె చుక్కలు వేసింది. నాలుగో రోజు పొద్దున్న నీళ్ళు పోద్దామని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని బట్ట విప్పింది. విప్పిన చెయ్యి ఆగిపోయింది. బిడ్డ ఏడవడం లేదు. ప్రతి ఊపిరికీ పక్కటెముకల కింద చర్మం లోపలికి గుంటలు పడుతోంది. మూలుగు సన్నగా, తెగకుండా వస్తోంది.

"దుర్గా, పిల్లడు డొక్కలెగరేత్తన్నాడే. సంచీ అట్టుకుని రా."

పెదవాల్తేరులో భ్రమరాంబ అనే పిల్లల డాక్టరు గది ఉంది. వాన నీళ్ళలో ఆటో అక్కడికి చేరేసరికి వాకిట్లో పదిమంది ఉన్నారు. లోపలి నుంచి ఆ మూలుగు విన్న డాక్టరమ్మ వరసలో ఉన్నవాళ్ళని ఆపి వీళ్ళని పిలిచింది. బిడ్డ బట్టలు తీసి, గోడ మీద గడియారం చూస్తూ ఊపిర్లు లెక్కపెట్టింది. తరవాత దుర్గని అడిగింది.

"ముక్కులో గానీ నోట్లో గానీ ఏమైనా పోశారా? నూనె, ఆముదం, పసరు, ఏదైనా?"

"నేదండి," అంది దుర్గ. "ఏటీ పొయ్యనేదు."

చిట్టమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. కూతురు తన వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతోందో మెడ చూస్తేనే తెలుస్తోంది. చిన్నప్పటి నుంచి దుర్గ అబద్ధం ఆడితే మెడ అలాగే బిగుస్తుంది. ఈ అబద్ధం తన కోసం. బయట పదిమంది ఉన్నారు, అందులో ఇద్దరు పేటవాళ్ళు. తలుపుకి బదులు పల్చటి గుడ్డ తెర. తను నోరు విప్పితే సాయంత్రానికి పేటంతా పాకుతుంది. విప్పకపోతే డాక్టరమ్మ తెలియని రోగానికి మందు ఇవ్వాలి.

"పోసానమ్మా," అంది. "దానికేటీ తెల్దు. నానే పోసాను. ముక్కులో నూనె. మూడు దినాలు."

తిట్లు పడతాయనుకుంది. భ్రమరాంబ కలం ఆపి, "ఏ నూనె? ఎన్ని చుక్కలు? పోసిన వెంటనే దగ్గాడా?" అని మాత్రం అడిగింది. చెప్పినవన్నీ రాసుకుంది. "ఊపిరితిత్తుల్లోకి దిగింది. పెద్దాసుపత్రికి ఉత్తరం రాస్తాను, ఇప్పుడే వెళ్ళండి. దారిలో పాలు పట్టకండి, ఆయాసంలో మింగలేడు. మీరు చెప్పడం మంచిదైంది, అమ్మా. లేకపోతే నాకు రెండు రోజులు పట్టేది ఇది కనుక్కోవడానికి."

ఆటోలో దుర్గ ఏడుస్తూ ఒక్కసారే అంది. "ఎందుకు సెప్పేసావమ్మా?"

చిట్టమ్మ చూపు బిడ్డ డొక్కల మీదే ఉంది.

తొమ్మిది రోజులు ఆసుపత్రి. ముక్కుకి గొట్టం, చేతికి సూది, చుట్టూ తనలాంటి అమ్మమ్మలు. ఏడో రోజు నర్సు వచ్చి రొమ్ము పట్టమంది. సన్నీ రెండు గుక్కలు పీల్చి ఆగాడు, మళ్ళీ పీల్చాడు. దుర్గ తల్లి వైపు చూసింది. చిట్టమ్మ వరండాలోకి పోయి స్తంభానికి వీపు ఆనించి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఇంటికి తిరిగొచ్చాక పీటని కడిగి, ఎండబెట్టి, తలుపు వెనక మేకుకి తగిలించేసింది.

ముగ్గురు బాలింతలు కబురు పెట్టారు. పేటంతా తెలిసినా ఎవరూ ఆమెని తప్పుపట్టలేదు. ఆ నూనె ప్రతి ఇంట్లో పోసేదే, ఆమె చెయ్యే అందరికీ తెలిసిన చెయ్యి. ఆ మాటే ఆమెకి ఎక్కువ బాధగా ఉండేది. అందరికీ మోకాళ్ళ నొప్పులని చెప్పి పంపేసింది.

"ఏటే, నిన్న సేపల గంప నెత్తినెట్టుకుని ఊరంతా తిరిగినప్పుడు నేని నొప్పి, పీటని సూత్తేనే ఒచ్చేత్తందా?" అన్నాడు దాలయ్య, గుమ్మంలో వల పరుచుకుని చిల్లు కుడుతూ.

"నీ పని నువ్వు సూసుకో."

"నా పనే సూసుకుంటన్నాను. సిల్లు పడిందని వలని సంద్రంలో ఇసిరేత్తామా?"

మధ్యాహ్నాలు ఆమె గుమ్మంలో కూర్చుని సముద్రం వైపు చూస్తూ ఉండేది. చూస్తున్నది సముద్రాన్ని కాదు. ముప్పయ్యేళ్ళలో తన కాళ్ళ మీద నుంచి లేచిన బిడ్డల్ని ఒక్కొక్కరినే తలచుకునేది. ఇళ్ళ వరసన, అక్కచెల్లెళ్ళ వరసన. వాళ్ళలో కొన్ని నెలలైనా బతక్కుండా పోయినవాళ్ళూ ఉన్నారు. గాలి సోకిందన్నారు, పక్షి నీడ పడిందన్నారు. అప్పుడు తనూ అలాగే అంది. ఒక బిడ్డ, సముద్రం అంచున మూడో ఇంట్లో ఆడపిల్ల, పోయే ముందు రోజు ఇలాగే సన్నగా మూలిగింది. ఆ బిడ్డకి నూనె వేసిందా? వేసే ఉంటుంది. ఎంత గుర్తు చేసుకున్నా వేసిన గుర్తు లేదు, వెయ్యని గుర్తూ లేదు. ఆ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు.

నెల తిరిగాక సన్నీని మళ్ళీ చూపించమన్నారు కాబట్టి ముగ్గురూ పెదవాల్తేరు వెళ్ళారు. భ్రమరాంబ బిడ్డ గుండె విని, తూకం వేసి సంతోషపడింది. గడ్డం ఎత్తి చూసి ముఖం చిట్లించింది. మెడ మడతల్లో ఎర్రగా ఒరిసిపోయి ఉంది.

"స్నానం చేయించట్లేదా?"

"తడిగుడ్డతో తుడుత్తన్నానండి," అంది దుర్గ. "నీళ్ళు పొయ్యాలంటే నాకు బయ్యం. జారిపోతాడని. మాయమ్మ పొయ్యనంటంది."

డాక్టరమ్మ చిట్టమ్మ వైపు తిరిగింది. "ఎందుకు పొయ్యట్లేదు?"

"నా సేతులు మంచివి కావమ్మా."

భ్రమరాంబ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "గొంతులో రెండు దారులు ఉంటాయి. ఒకటి పొట్టకి, ఒకటి ఊపిరికి. నీళ్ళు ఊపిరి దారిలో పడితే బిడ్డ దగ్గి బయటికి తోసేస్తాడు. నూనె జారుడుది. దగ్గు కూడా రానివ్వకుండా జారిపోయి అక్కడే కూర్చుంటుంది. తప్పంతా అదే. మీ చేతులు కాదు, నూనె వెళ్ళిన దారి. ఒంటికి రాయండి, ఎంతైనా రాయండి. ముక్కులో వద్దు, చెవిలో వద్దు, ఊదొద్దు, పొగ వద్దు. ముక్కు బిగిస్తే ఉప్పునీళ్ళ చుక్కలు రాసిస్తాను, అవి వెయ్యండి."

"ఉప్పునీళ్ళా?" అంది చిట్టమ్మ, నెల రోజుల తరవాత మొదటిసారి పెదవి విరుస్తూ. "మా గుమ్మంలో ఉన్నయ్యన్నీ అయ్యే కదమ్మా. దానికి మందుల సీటీ ఎందుకు?"

"ఆ ఉప్పునీళ్ళు కాదు తల్లీ, మందుల షాపువి." డాక్టరమ్మ నవ్వి, మళ్ళీ నెమ్మదించింది. "ఒకటి చెప్పనా? నా దగ్గరికి బిడ్డని తెచ్చేసరికి గుడ్డ మీద గుడ్డ చుట్టి తెస్తారు. డొక్కలు ఎగరేసేదాకా ఇంట్లో ఎవరూ విప్పి చూడరు. మీరు మాత్రం రోజూ బట్టల్లేకుండా చూస్తారు. రోజుకి ఎంతమందికి పోసేవారు?"

"ఓపాలి పుంజీడు. పురుళ్ళ కాలంలో రెండు పుంజీలు."

"పుంజీ అంటే నాలుగు కదా? మా అమ్మమ్మ మామిడికాయలు అలాగే లెక్కపెట్టేది."

"మేం సేపలూ అలాగే. నాకు ఏబైలు అరవైలు రావు. పుంజీల్లెక్కే."

భ్రమరాంబ ఒక నిమిషం ఆలోచించి చిట్టమ్మ ఎడమచెయ్యి తన చేతిలోకి తీసుకుంది. వేలికి మూడు గీతలు, ఐదు వేళ్ళకి పదిహేను. సన్నీని బల్ల మీద పడుకోబెట్టి, వాడి పొట్ట లేచి పడడం చూపించింది. నాలుగు ఊపిర్లకి ఒక పుంజీ, పుంజీకి ఒక గీత, చెయ్యంతా నిండితే అరవై. బిడ్డ ఏడవకూడదు, పాలు తాగుతూ ఉండకూడదు. గడియారంలో సన్నటి ముల్లు ఒక చుట్టు తిరిగేలోగా చెయ్యంతా నిండిపోతే మరోసారి లెక్కపెట్టాలి. మళ్ళీ నిండితే, రెండు నెలల్లోపు బిడ్డయితే, ఇక ఆగకూడదు. రెండు నెలలు దాటి ఏడాది లోపు బిడ్డయితే నాలుగు వేళ్ళు నిండి బొటనవేలి మీదకి వస్తే చాలు, తీసుకురావాలి. లెక్క ఎంతైనా డొక్కలు ఎగరేసినా, పాలు మానేసినా అంతే.

"మాకు గడేరం నేదమ్మా."

భ్రమరాంబ సొరుగు తీసి, కీ ఇచ్చే పాత వాచీ ఒకటి ఇచ్చింది. తోలు పట్టీ చీకిపోయింది. సెకన్ల ముల్లు ఎర్రది.

ఆ సాయంత్రమే చిట్టమ్మ మేకు మీంచి పీట తీసింది. దాలయ్య అది చూసి పొయ్యి మీద నీళ్ళు పెట్టాడు.

తరవాత ఏడేళ్ళు చిట్టమ్మ చేతికి ఆ వాచీ ఉంది. పట్టీ పోతే వల దారంతో కట్టుకుంది. దార్లో ఎవరైనా టైమెంతని అడిగితే, "నాకేటి తెలుసు, నా గడేరానికి ఒకటే ముల్లు," అనేది. పేటలో అది పెద్ద జోకు. సన్నీకి బళ్ళో గడియారం చూడడం నేర్పిన రోజు, మిగతా రెండు ముళ్ళ సంగతి అమ్మమ్మకి చెప్పబోయాడు. "వాటితో నాకు పని నేదురా," అందామె. కీ మాత్రం రోజూ పొద్దున్నే తిప్పేది.

ముక్కులో నూనె మానేసిందని కొందరు అమ్మమ్మలు సణిగారు. పోనుపోను సణుగుడు తగ్గింది. నీళ్ళు పోస్తున్నప్పుడే ఇంకా కొన్ని చూసేది ఆమె. నాలుగో నెల నిండినా మెడ నిలవని బిడ్డని, గాజులు గలగలలాడించినా తల తిప్పని బిడ్డని గుర్తుపట్టి తల్లిని వెంటపెట్టుకుని పెదవాల్తేరు తీసుకెళ్ళేది. ఇంట్లోకి అడుగుపెట్టగానే, పాకే పిల్లలున్న చోట, కూల్‌డ్రింకు సీసాలో పోసిన కిరసనాయిలు కనబడితే అడక్కుండానే అటక మీద పెట్టేసేది. "సిట్టమ్మత్త మా ఇల్లు సర్దెళ్ళింది," అని కోడళ్ళు నవ్వుకునేవారు.

రెండువేల మూడులో, మార్గశిరంలో, గంగాలమ్మ మనవరాలికి పేరు పెట్టి ఉయ్యాల్లో వేసే రోజు వచ్చింది. గంగాలమ్మది చిట్టమ్మ ఈడే. చిన్నప్పుడు ఇద్దరూ కలిసి గంపలు మోసినవాళ్ళు. ఇప్పుడు గంగాలమ్మ కొడుక్కి హార్బర్‌లో సొంత మరబోటు ఉంది, కొత్త డాబా ఉంది. భీమిలి నుంచి చుట్టాలు దిగారు. వాకిట్లో షామియానా, పెద్ద డేగిసాల్లో వంట. ఇరవై ఒక్క రోజుల పాపకి ధనశ్రీ అని పేరు అనుకున్నారు. ముందు నీళ్ళు పోయాలి.

చిట్టమ్మ పీట వేసుకుని పాపని కాళ్ళ మీదకి తీసుకుంది. బట్ట విప్పింది. పాప నిద్రమత్తులో ఉంది. ఒళ్ళు ఎప్పటికంటే కాస్త మెత్తగా, బరువుగా తగిలింది. డొక్కలు ఎగరడం లేదు. మూలుగు లేదు. పాప తల్లి గౌరీశ్వరి, "రాత్రి నుంచి రొంప అత్తా. పాలు కూడా సగంలో ఒదిలేత్తంది," అంది.

చిట్టమ్మ వాచీ కళ్ళ దగ్గర పెట్టుకుంది. వేళ్ళ మీద గీతలు నొక్కుతూ పోయింది. చిటికెనవేలు, ఉంగరంవేలు, నడిమివేలు, చూపుడువేలు. బొటనవేలు నిండేసరికి ఎర్ర ముల్లు ఇంకా పైకి చేరలేదు. పదహారో పుంజీకి చేరింది. మళ్ళీ లెక్కపెట్టింది. మళ్ళీ పదహారు, పైన రెండు.

"ఈయాల నీళ్ళు పొయ్యను," అంది, పాపని గుడ్డలో చుట్టి. "ఆటో పిలండి. డాట్రమ్మ కాడికి."

గంగాలమ్మ పొయ్యి దగ్గర నుంచి వచ్చింది. "రొంపకి డాట్రేటే? వంద మంది సుట్టాలొచ్చినారు. ఉయ్యాల్లో ఏసేసి సాయంత్రం ఎల్తాం."

"సాయంత్రం దాకా ఆగకూడదు."

"డొక్కలెగరేత్తందా? నేదు కదా. పాలు తాగుతంది కదా."

"డొక్కలెగరేసిందాకా ఆగితే ఏటౌతాదో నాను సూసినాను వదినా."

గంగాలమ్మ ముఖం ఎర్రబడింది. చుట్టాలంతా వింటున్నారు. "అవునులే. నీ మనవడి ముక్కులో నూనె పోసి ఆసుపత్రి పాలు సేసినదానివి నువ్వు. ఇయ్యాల గడేరం కట్టుకుని మాకు డాట్రువైపోనావేటి?"

వంటవాడి గరిట ఆగింది. ఏడేళ్ళుగా ఆ మాట ఎవరూ ఆమె మొహాన అనలేదు. గౌరీశ్వరి అత్తనీ చిట్టమ్మనీ మార్చి మార్చి చూస్తోంది. ఆమె ఎటు మొగ్గితే అటే పాప.

చిట్టమ్మకి తెర వెనక ఆ గది గుర్తొచ్చింది. దుర్గ బిగుసుకున్న మెడ గుర్తొచ్చింది.

"ఔను, పోసాను," అంది, నెమ్మదిగానే. "నా సేత్తోనే పోసాను. అందుకే సెప్తన్నాను. నాకు తెలీక ఆడు డొక్కలెగరేసినాక తీసుకెల్లాను, తొమ్మిది దినాలు పట్టింది. ఇది ఇంకా ఎగరెయ్యనేదు. ఇప్పుడే ఎల్తే తొరగా ఒచ్చేద్దుము. నా లెక్క తప్పైతే పేటలో ఇంకెవరికీ నీళ్ళు పొయ్యను. ఆ పీట నీ పొయ్యిలో ఎట్టేసుకో."

గౌరీశ్వరి వంగి, చిట్టమ్మ ఒళ్ళోంచి పాపని తీసుకుంది. చెప్పులు వేసుకోకుండానే వాకిలి దాటింది. చిట్టమ్మ పీట అక్కడే వదిలేసి వెనకే నడిచింది.

భ్రమరాంబకి అప్పటికి జుట్టు సగం నెరిసింది. పాప ఛాతీ చూసి, వాచీ చూసి, "ఎంత వచ్చింది మీకు?" అని అడిగింది.

"పదహారు. రెండోపాలి పదహారు మీద రెండు."

"నాకు అరవై ఆరు," అంది డాక్టరమ్మ. "ఊపిరితిత్తులకి ఇప్పుడే నెమ్ము పడుతోంది. ఇంత చిన్న బిడ్డకి ఇంటి దగ్గర వైద్యం కుదరదు. ఆసుపత్రిలో ఉంచాలి. కానీ మంచి సమయానికి తెచ్చారు." ఉత్తరం రాస్తూ, తల ఎత్తకుండా, "ఆ పట్టీ ఏమిటమ్మా, వల దారమా?" అంది.

"గట్టిగుంటాదమ్మా. ఉప్పునీళ్ళకి కుళ్ళదు."

పాప ఆసుపత్రిలో ఉండగా గంగాలమ్మ ఇంటి వాకిట్లో షామియానా కొన్నాళ్ళు అలాగే ఉంది, తరవాత విప్పేశారు. ఎనిమిదో రోజు పొద్దున్న తల్లీబిడ్డా తిరిగొచ్చారు. మర్నాడు చిట్టమ్మకి ఎవరూ కబురు పెట్టలేదు. ఆ మర్నాడు కూడా పెట్టలేదు. పీట ఇంకా ఆ ఇంట్లోనే ఉంది. గంగాలమ్మ పొయ్యిలో పెట్టేసిందేమో అనుకుని, కొత్త పీటకి చెక్క చూడమని దాలయ్యతో అంది.

"సూత్తాలే," అన్నాడతను. చూడలేదు.

మూడో రోజు పొద్దున్న గంగాలమ్మే వచ్చింది. చంకలో పీట. కడిగి, పసుపు రాసి ఉంది. గుమ్మంలో నిలబడి లోపలికి రాలేదు.

"నీళ్ళు కాగినాయి," అంది. "రాయే."

ఇద్దరూ సందులోంచి ముందూ వెనకా నడిచారు.

చిట్టమ్మ పీట వేసుకుని కాళ్ళు చాపింది. గౌరీశ్వరి పాపని పడుకోబెట్టింది. ధనశ్రీ కళ్ళు తెరిచి, ఆమె గాజులు కదిలిన వైపు చూసి, పిడికిలి బిగించి ఒక్కసారి తన్నింది. కాలు బలంగా తగిలింది. చిట్టమ్మ నూనె గిన్నె పక్కకి జరిపి వాచీ చూసుకుంది. పాప పొట్ట లేస్తోంది, పడుతోంది. గంగాలమ్మ చెంబు పట్టుకుని పక్కన కూర్చుని, చిట్టమ్మ వేళ్ళ మీద కదులుతున్న కుడిచేతి బొటనవేలినే చూస్తోంది. ముల్లు చుట్టు పూర్తయింది.

"ఎన్ని పుంజీలే?" అంది గంగాలమ్మ.

"పదకొండు."

"మంచిదేనా?"

"మంచిదే. నీళ్ళు అందుకో వదినా, సల్లారిపోతన్నాయి."